ఒక తావు, పెక్కు పుటలు

ముద్రణాలయములతో పరిచయమున్న తెలుగు రచయితలు తమ గ్రంథమును పుటలతో గాక ఫారములతో లెక్కించుట పరిపాటి. పెద్ద కాగితపు తావునకు ఒక వైపున ఎనిమిది పుటలను, రెండవ వైపున ఎనిమిది పుటలను ముద్రించి, దానిని ముమ్మాఱు మడచి, మడతల అంచులను కోసినచో, పదునాఱు పుటలు ఒకదాని వెనుక నొకటిగా వరుస తప్పక తెఱచుకొనును. అదియే ఒక ఫారము. కాని విప్పి పఱచిన తావును చూచినవానికి ఆ వరుస ఏ మాత్రమును గోచరింపదు. మొదటి పుట ప్రక్కన రెండవది గాక పదునాఱవది యుండును. ఎనిమిదవదానికి తొమ్మిదవది పొరుగు, నాలుగవదానికి పదుమూడవది, అయిదవదానికి పండ్రెండవది. ఏ జంటను కూడినను పదునేడే వచ్చును. అంతియే కాదు, సగము పుటలు తలక్రిందులుగా నిలిచి, పై వరుసలోని పుటల శిరస్సులు క్రింది వరుసలోని పుటల శిరస్సులకు ఎదురుగా నుండును. సీసపు అక్షరములతో ఈ అమరికను సాధించిన పనివానికి ఆ పుటలను చదువవలసిన పని లేదు. అది భారత వ్యాఖ్యానమైనను, పశువైద్య గ్రంథమైనను, అతనికి కావలసినది పుటసంఖ్యయు, ఆ పుట శిరస్సు ఏ దిక్కున నున్నదను ఎఱుకయు మాత్రమే.

లోపలి విషయముతో సంబంధము లేకుండ పుటను పుటగా కదల్చగల ఈ నేర్పును కంప్యూటరు ఎట్లు సంపాదించుకొన్నదో వివరించుటయే నా ఉద్దేశము. నేడు లినక్సు యంత్రము ముందు కూర్చున్న విద్యార్థి నూఱు పుటల పాఠ్యభాగమును ఇరువదియైదు తావులలో ఇముడ్చుకొనదలచినప్పుడు, ఎల్‌పీ అను రెండక్షరముల కమాండును వ్రాసి, ఒక్కొక్క వైపున ఎన్ని పుటలో చెప్పు నంబర్-అప్ విలువ 2 అని తెలిపి, కాగితమునకు ఇరువైపుల ముద్రింపుమని కోరి, ఫైలు పేరు చేర్చి ఎంటరు మీటను నొక్కును. తెఱపై కిటికీలు తెఱచుకొనవు, ప్రశ్నలు ఎదురుకావు. ప్రింటరు కదలుట మాత్రము వినవచ్చును. ఆ ఒక్క పంక్తి వెనుక కాగితపు రేఖాగణితము కొంత, పుటను గూర్చిన ఒక నూతన భావన కొంత దాగియున్నవి. మొదటిది పదునెనిమిదవ శతాబ్దికి చెందినది. రెండవది ఇరువదవ శతాబ్ది చివరి భాగమునకు చెందినది.

రేఖాగణితముతో మొదలిడుదము. ఒక తావును నడుమ మడచినప్పుడు ఏర్పడు సగము, మొదటి తావునకు సరియైన చిన్న ప్రతిరూపముగా నుండవలెనన్నచో, తావు పొడవునకు వెడల్పునకు గల నిష్పత్తి ఎంత యుండవలెను? పొడవును వెడల్పుతో భాగింపగా వచ్చు ఫలమును, వెడల్పును సగము పొడవుతో భాగింపగా వచ్చు ఫలమును సమానము చేసినచో, ఆ నిష్పత్తి యొక్క వర్గము రెండు అని తేలును. అనగా నిష్పత్తి రెండు యొక్క వర్గమూలము, సుమారు 1.414. మఱి ఏ నిష్పత్తికిని ఈ గుణము లేదు. జర్మనీలో గోటింగెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన గియోర్గ్ క్రిస్టొఫ్ లిఖ్టెన్‌బెర్గ్ ఈ సంగతిని 1786లో తన మిత్రుడు యోహాన్ బెక్మాన్‌కు వ్రాసిన లేఖలో ప్రస్తావించెను. ఆ తలంపు చిరకాలము లేఖలలోను, అక్కడక్కడ చట్టములలోను నిద్రించి, 1922లో వాల్టర్ పోర్స్ట్‌మన్ కృషి వలన జర్మన్ ప్రమాణముగా వెలువడి, 1975లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. ఏ-సున్న అను తావు వైశాల్యము ఒక చదరపు మీటరు. దానిని నాలుగుమాఱులు సగించినచో వచ్చునదే మన కార్యాలయములలోని ఏ-నాలుగు, 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. చదరపు మీటరునకు 80 గ్రాముల కాగితమైనచో ఒక్కొక్క ఏ-నాలుగు తావు సరిగా అయిదు గ్రాములు తూగునని లెక్క వేయకయే చెప్పవచ్చును.

ఈ నిష్పత్తి పుణ్యమున రెండు ఏ-నాలుగు పుటలు ఒక ఏ-నాలుగు తావుపై అంగుళము వృథా గాకుండ ఇముడును. ఒక్కొక్క కొలత 0.707 వంతునకు తగ్గును. పండ్రెండు పాయింట్ల అక్షరము ఎనిమిదిన్నర పాయింట్లగును. నాలుగు పుటలనిచో సగమునకు తగ్గి ఆఱు పాయింట్లగును. రెండు పుటలకు పుటను అడ్డముగా త్రిప్పవలెను, నాలుగింటికి త్రిప్పనక్కఱలేదు, ఎనిమిదింటికి మఱల త్రిప్పవలెను, పదునాఱింటికి అక్కఱలేదు. రెట్టించిన ప్రతిమాఱును నిలువు అడ్డమగుచు, అడ్డము నిలువగుచుండును. కాగితము సగమైనప్పుడు సిరా మాత్రము అంతయే వ్యయమగునని కొందఱు భావింతురు. అది సరి కాదు. అక్షరముల నల్లని వైశాల్యము కూడ వర్గానుపాతముననే తగ్గును గావున, అదే పాఠమునకు టోనరు కూడ ఇంచుమించు సగమే పట్టును.

అమెరికాలో ఈ సౌకర్యము లేదు. అచ్చటి లెటరు తావు ఎనిమిదిన్నర అంగుళముల వెడల్పు, పదునొకండు అంగుళముల పొడవు. దాని సగము అయిదున్నరకు ఎనిమిదిన్నర, అనగా మొదటిదానికంటె సన్నని ఆకృతి. పుట వెడల్పు ఇముడుటకై 0.647 వంతునకు తగ్గింపవలసివచ్చును. అప్పుడు పండ్రెండు పాయింట్ల అక్షరము ఎనిమిదికి లోబడును, పైగా ఎత్తులో ఒకటి పై మూడవవంతునకు మించిన అంగుళము, అనగా తావులో ఆఱింట ఒక వంతు, తెల్లగా మిగిలిపోవును. డల్లసులోనో న్యూజెర్సీలోనో నివసించు తెలుగు కుటుంబము హైదరాబాదు నుండి వచ్చిన ఏ-నాలుగు పత్రమును తమ ప్రింటరులో జంటపుటలుగా ముద్రించినప్పుడు అంచులు వింతగా తోచుటకు కారణము ప్రోగ్రాములోని దోషము కాదు, రెండు ఖండముల కాగితముల నడుమ గల నిష్పత్తి భేదము.

ఇక రెండవ విషయము, నా దృష్టిలో ముఖ్యమైనది. పుట అనగా నేమి? తొలినాళ్ల ప్రింటర్లకు పుట అనగా అక్షరముల ప్రవాహము. పంక్తికి ఇన్ని అక్షరములు, పుటకు ఇన్ని పంక్తులు. అట్టి పుటను సగమునకు తగ్గింపుమన్నచో యంత్రమునకు అర్థము కాదు, ఏలయన దాని అక్షరములకు ఒకే పరిమాణము. మఱియొక మార్గము పుటను చుక్కల చిత్రముగా భావించుట. తగ్గించినప్పుడు చుక్కలు కొన్ని రాలిపోయి అక్షరములు నలిగిపోవును. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అను ఇరువురు జిరాక్సు సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమును వీడి 1982లో అడోబీ సంస్థను నెలకొల్పి, 1984లో వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఈ రెండింటిని కాదని మూడవ దారి త్రొక్కినది. దాని ప్రకారము పుట ఒక చిత్రము కాదు, చిత్రమును గీయు విధానము. ప్రింటరు చదివి ఆచరింపవలసిన ప్రోగ్రాము. 1985లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన లేజర్‌రైటరు ఈ భాషను అర్థము చేసికొనుటకై తనలో దాల్చిన ప్రాసెసరు, దానికి ఆజ్ఞలిచ్చు మెకింటాష్ కంప్యూటరులోని దానికంటె వేగవంతమైనదని తెలిసినచో, ఈ భావనకు చెల్లింపవలసివచ్చిన వెల పాఠకునకు బోధపడగలదు. సేవకుడు యజమానికంటె ప్రజ్ఞావంతుడైన అరుదైన సందర్భములలో ఇది యొకటి.

పోస్ట్‌స్క్రిప్ట్ పుటకు ఎడమ క్రింది మూల మూలబిందువు. కుడికి ఒక అక్షము, పైకి ఒక అక్షము. అంగుళములో డెబ్బదిరెండవ వంతు ప్రమాణము. ఏ-నాలుగు పుట ఇంచుమించు 595 ప్రమాణముల వెడల్పు, 842 ప్రమాణముల ఎత్తు. ప్రోగ్రాము ఇచ్చట గీత గీయుమని, అచ్చట అక్షరము పెట్టుమని చెప్పునప్పుడు పేర్కొను సంఖ్యలు తిన్నగా కాగితమును చేరవు. నడుమ ఆఱు సంఖ్యల మాత్రిక ఒకటి యుండి, ప్రతి బిందువును తనలోనుండి ప్రసరింపజేసి, కాగితముపై ఎచ్చట పడవలెనో నిర్ణయించును. ఆ మాత్రికను మార్చుటకు జరుపుట, తగ్గించుట, త్రిప్పుట అను మూడు క్రియలు గలవు. పుటలోని ఒక్క అక్షరమును ముట్టకుండ మాత్రికను మాత్రము మార్చినచో పుట యంతయు కదలును, కుంచించుకొనును, ప్రక్కకు ఒఱగును. అక్షరములు రేఖారూపమున నిర్వచింపబడినవి గావున, తగ్గించిన పరిమాణముననే అవి క్రొత్తగా గీయబడును. నలిగిన చిత్రము వలె గాక, ఆ పరిమాణమునకే పుట్టినట్లు స్ఫుటముగా కనబడును.

ఆంగస్ డగ్గన్ 1991 మొదలుకొని వ్రాసిన పీఎస్‌యుటిల్స్ అను చిన్న ప్రోగ్రాముల సముదాయము ఈ సూత్రముపైననే నిలిచియున్నది. అందులో పీఎస్‌టాప్స్ అనునది అన్నిటికి మూలము. దానికి ఆజ్ఞ ఈ విధముగా ఇయ్యవచ్చును: పుటలను రెండేసి చొప్పున తీసికొనుము, మొదటిదానిని ఎడమకు త్రిప్పి, 0.7 వంతునకు తగ్గించి, 21 సెంటీమీటర్లు కుడికి జరుపుము. రెండవదానిని అట్లే చేసి, 14.85 సెంటీమీటర్లు పైకి కూడ జరుపుము. వాక్యములో ఇంత దీర్ఘమైన ఈ ఆజ్ఞ కమాండ్ లైనుపై ముప్పది నలువది గుర్తులలో ముగియును. కుడికి 21 సెంటీమీటర్లు జరుపుట ఎందులకని పాఠకునకు సందేహము కలుగవచ్చును. మూలబిందువు ఆధారముగా ఎడమకు త్రిప్పినప్పుడు పుట మొత్తము మూలబిందువునకు ఎడమ ప్రక్కన, అనగా కాగితమునకు వెలుపల, శూన్యములో పడిపోవును. దానిని ఒక కాగితపు వెడల్పు మేర వెనుకకు లాగినగాని తిరిగి తావుపైకి రాదు. రెండవ పుటకు చెప్పిన 14.85 అనునది 29.7లో సగము. ఈ లెక్కలు చేయనొల్లనివారికై పీఎస్‌నప్ అను ప్రోగ్రాము గలదు. తావునకు ఎన్ని పుటలో చెప్పినచో త్రిప్పుట, తగ్గించుట, జరుపుట అదియే నిర్ణయించుకొనును. నాకు మాత్రము పీఎస్‌టాప్స్ వ్రాతయే ఇంపు. ఏమి జరుగుచున్నదో అందు కన్నులకు కట్టును.

అయితే పుటలోని విషయమును ఎఱుగకుండ పుటను కదల్చుట సాగవలెనన్నచో, పుట కూడ ఒక మర్యాదను పాటింపవలెను. పోస్ట్‌స్క్రిప్ట్ పూర్తి ప్రోగ్రామింగు భాష యగుటచే, పుట తలచుకొన్నచో మాత్రికను మొదటి స్థితికి త్రిప్పివేయుము అని ఆజ్ఞాపింపగలదు. అట్టి ఆజ్ఞ నడుమ వచ్చినచో పీఎస్‌నప్ కష్టపడి చేసిన అమరిక క్షణములో చెదరి, ఎడమ సగమున నుండవలసిన పుట తావంతయు ఆక్రమించి పొరుగు పుటపై పడును. పుట ముగిసినది, కాగితమును వెలికి నెట్టుము అను ఆజ్ఞ కూడ అట్టిదే. ప్రతి పుట చివర అది యుండును, దానిని నడుమ అణచిపెట్టనిచో రెండవ పుటకు తావు మిగులదు. పైగా ప్రోగ్రామును ఆచరించి చూడనిదే పుట ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో నిశ్చయముగా చెప్పుట సాధ్యము కాదు. ఈ చిక్కును తప్పించుటకై అడోబీవారు ఒక సంప్రదాయమును ఏర్పఱచిరి: ప్రతి పుట ఆరంభమున, యంత్రము పట్టించుకొనని వ్యాఖ్య రూపమున, ఇది ఇన్నవ పుట అని ప్రకటింపవలెను; ఒక పుట మఱియొక పుటపై ఆధారపడరాదు; మాత్రికను మొదటికి త్రిప్పు ఆజ్ఞలు వాడరాదు. పీఎస్‌యుటిల్స్ చదువునది ఆ వ్యాఖ్యలనే. ముద్రణాలయపు పనివానివలె అది పుటసంఖ్యను చూచును, పుటను చూడదు. వ్యాఖ్యలు లేని ఫైలును, లేదా అబద్ధపు వ్యాఖ్యలు గల ఫైలును ఇచ్చినచో అది చేయగలిగినదేమియు లేదు. ఆ కాలమున కొన్ని ప్రింటరు డ్రైవర్లు ఉత్పత్తి చేసిన ఫైళ్లు ఈ సంప్రదాయమును లెక్కచేయక, ఎందఱినో తెల్ల కాగితములపాలు చేసినవి.

అడోబీ సంస్థయే 1993లో వెలువరించిన పీడీఎఫ్ ఈ కలహమును మూలమునందే తుంచివేసినది. అందు పుట ప్రోగ్రాము కాదు; ఆవృత్తులు లేవు, షరతులు లేవు, వరుసగా ఆచరింపవలసిన గీతల పట్టిక మాత్రమే గలదు. మాత్రికను ఉన్నదానితో మఱియొకదానిని గుణించి మార్చవచ్చునే గాని, మొదటికి త్రిప్పు క్రియ ఆ భాషలో లేనేలేదు. పుటను ఎచ్చట ఉంచిరో అచ్చటనే గీసికొనుట తప్ప దానికి గత్యంతరము లేదు. అంతేగాక ఒక పుట యంతటిని ఒకే వస్తువుగా మూటకట్టి, దాని సరిహద్దులను నిర్ణయించి, మఱియొక పుటలో ఎన్నిమాఱులైనను వాడుకొను సౌలభ్యము కూడ అందున్నది. వార్విక్ విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రాచార్యుడుగా పనిచేసిన డేవిడ్ ఫర్త్ రచించిన పీడీఎఫ్‌జామ్ దీనిని వినియోగించుకొనును. దాని నడక వినోదకరము: తావునకు రెండు పుటలు అడ్డముగా అని చెప్పగానే అది స్వయముగా ఏ లెక్కయు వేయక, లాటెక్ భాషలో నాలుగు పంక్తుల పత్రమొకటి వ్రాసి, అందు పీడీఎఫ్‌పేజెస్ అను ప్యాకేజీని పిలిచి, గణితగ్రంథముల అక్షరసంయోజనకై నిర్మింపబడిన ఆ మహాయంత్రముచేత పుటలను ప్రక్కప్రక్కన పెట్టించుకొనును. లాటెక్‌కు ఆ పుట పెద్ద అక్షరము వంటిది. పంక్తిలో అక్షరమునకు ప్రక్కన అక్షరమును పేర్చునట్లే పుట ప్రక్కన పుటను పేర్చును. ఈ పేర్పులో ఒక నష్టము గలదు. గీతలకు చెందని హైపర్‌లింకులు మొదలైనవి మూటలోనికి రావు. ముద్రణకు అది బాధ కాదు గాని, జంటపుటల ఫైలును తెఱపై చదువదలచినవాడు విషయసూచికను నొక్కి నిరాశ చెందును.

యూనిక్సు సంప్రదాయమున ఒక ప్రోగ్రాము ఒక్క పనినే చేసి, తన ఫలితమును గొట్టము ద్వారా మఱియొకదానికి అందించును. డగ్ మెక్‌ఇల్రాయ్ ప్రేరణచే కెన్ థాంప్సన్ 1973లో బెల్ లాబొరేటరీలలో ఈ గొట్టములను నిర్మించెను. చిన్న పుస్తకమును చేయదలచినవానికి ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము. పీఎస్‌బుక్ అను ప్రోగ్రాము పుటల వరుసను మాత్రమే మార్చును; పదునాఱు పుటలనిచో 16, 1, 2, 15, 14, 3, 4, 13 అను క్రమమున మొదలై 10, 7, 8, 9తో ముగియునట్లు అందించును; నాలుగుచే భాగింపబడని సంఖ్యయైనచో చివర తెల్ల పుటలను చేర్చును. దాని నుండి గొట్టము ద్వారా పీఎస్‌నప్‌నకు, అచ్చటనుండి ప్రింటరునకు. ఇచ్చట ప్రతి జంట మొత్తమును పదునేడే. ఇరువైపుల ముద్రించునప్పుడు తావు పొట్టి అంచు మీదుగా తిరుగవలెనని చెప్పుట మఱవరాదు. పొడుగు అంచు మీదుగా తిరిగినచో వెనుక వైపు పుటలన్నియు తలక్రిందులగును. ఈ పొఱపాటు ఎంత సర్వసాధారణమనగా, మొదట ఒక్క తావును ముద్రించి మడచి చూచుకొనుమని సలహా ఇయ్యని అనుభవజ్ఞుడు లేడు. పుస్తకము మందమైనకొలది లోపలి తావులు వెలుపలివానికంటె ముందునకు పొడుచుకొనివచ్చును. అందుచేత పెద్ద గ్రంథమును ఒకే మడతగా గాక, పదునాఱేసి పుటల గుచ్ఛములుగా విభజింపుమని పీఎస్‌బుక్‌నకు చెప్పుట మేలు. బైండింగు పనివారు ఈ సంగతిని కంప్యూటరునకు పూర్వమే ఎఱుగుదురు.

తావునకు ఎన్ని పుటలు సమంజసము? ప్రింటింగ్ వ్యవస్థయైన కప్స్ ఒకటి, రెండు, నాలుగు, ఆఱు, తొమ్మిది, పదునాఱు అను సంఖ్యలను అంగీకరించును. ఇంగ్లీషు పాఠమును నాలుగేసి పుటలుగా ముద్రించుకొని చదువువారిని చూచియున్నాను. తెలుగునకు అది తగదని నా నిశ్చితాభిప్రాయము. అంగుళమునకు 300 చుక్కలు వేయు ప్రింటరులో పండ్రెండు పాయింట్లనగా 50 చుక్కల ఎత్తు. రెండు పుటలకు 35 చుక్కలు, నాలుగు పుటలకు 25 చుక్కలు. ఆ ఇరువదియైదులోనే మన లిపి తలకట్టును, గుడిని, అక్షరమును, దాని క్రింద ఒత్తును, స్త్రీ వంటి మాటలో ఒత్తు క్రింద ఒత్తును ఇముడ్చుకొనవలెను. ద-కారమును ధ-కారమునుండి వేఱుపఱచు గీత అప్పుడు రెండు మూడు చుక్కలపాటి దగును. ధార దారగా మాఱినచో అర్థము ఎచ్చటికి పోవునో చెప్పనక్కఱలేదు. సీసపు అక్షరములు పోతపోసినవారు చిన్న పరిమాణములకు గీతలను కొంచెము లావుచేసి, లోపలి ఖాళీలను విశాలము చేసి, వేఱుగా అచ్చులు చెక్కిరి; మాత్రికకు అట్టి వివేకము లేదు, అన్నిటిని సమానముగా కుదించును.

కావున మిగిలిన ఉపాయము, పుటను తగ్గించుటకు ముందు దాని అంచులను తగ్గించుట. పాఠముతోపాటు చుట్టునున్న తెల్లని అంచు కూడ 0.707 వంతుగా తావుపైకి వచ్చి, నడుమ రెండు అంచులు కలిసి విశాలమైన బీడు నేలవలె మిగులును. నాలుగు వైపుల 25 మిల్లీమీటర్ల అంచు గల ఏ-నాలుగు పుటలో అసలు పాఠము 160కి 247 మిల్లీమీటర్లే. అంచులను ముందుగా కత్తిరించి, ఎనిమిదేసి మిల్లీమీటర్లు మాత్రము చుట్టు వదలినచో, ఆ పాఠము సగము తావులో 0.785 వంతున ఇముడును. పండ్రెండు పాయింట్ల అక్షరము ఎనిమిదిన్నర గాక తొమ్మిదికి పైగా నిలుచును. పీడీఎఫ్‌క్రాప్ అను ప్రోగ్రాము ఈ కత్తిరింపు చేయును. కాని అంచు ఎచ్చట ముగిసినదో తెలియవలెనన్నచో పుటపై గుర్తులు ఎచ్చట పడుచున్నవో తెలియవలెను. అందులకై అది గోస్ట్‌స్క్రిప్ట్ అను మఱియొక ప్రోగ్రాము చేత ప్రతి పుటను నిజముగా గీయించి, నలుపు వ్యాపించిన మేరను కొలిపించును. ఇంతవఱకు పుటను తెఱచి చూడక పని నడిపిన కమాండులు ఇచ్చట మాత్రము లోపలికి తొంగిచూడక తప్పదు. అప్పుడు క్రొత్త చిక్కులు మొదలగును. అధ్యాయము చివర నాలుగు పంక్తులే ఉన్న పుటను విడిగా కత్తిరించినచో ఆ పుట పొట్టిదై, ప్రక్క పుటతో పొంతన కోల్పోవును. అందుచేత అన్ని పుటల కొలతలను కలిపి, అన్నిటికి చాలునట్టి ఒకే సరిహద్దును నిర్ణయించుట ఉచితము. పాఠమునకు సెంటీమీటరు దిగువన ఒంటరిగా ముద్రింపబడిన పుటసంఖ్య కూడ నలుపే గావున కొలతలో చేరి, ఆ సెంటీమీటరు తెలుపును ప్రతి పుటకును తిరిగి అంటగట్టును. దానిని వెలుపల వదలినచో అక్షరములు పెద్దవగును గాని, పుటసంఖ్యలు లేని తావులను క్రమముగా పేర్చుకొను భారము చదువరిపై పడును.